ఒక్క ఆదివారంలో నాలుగు అంగుళాలా? పాత పికప్ లిఫ్టు ప్రచారానికి ఖండన

నెల్లూరు, ఒంగోలు వైపు ఫోన్లలో కొంతకాలంగా ఒక మాట తిరుగుతోంది. పాత ఫోర్‌వీల్ జీపు పికప్ చవకగా దొరికితే వదలొద్దు, ఇంటి ముందే ఒక్క ఆదివారంలో దాన్ని నాలుగు అంగుళాలు లేపెయ్యొచ్చు (దీన్నే లిఫ్ట్ అంటారు) అన్నది దాని సారం. పద్ధతి కూడా చెబుతారు. కమాన్ కట్టలకు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులకు) పొడుగు షాకిళ్ళు (కట్ట కొసను బండి చట్రానికి వేలాడదీసే ఊగే లంకెలు) వెయ్యాలి. చాలకపోతే ముందూ వెనకా యాక్సిల్‌కీ కట్టకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టాలి. మిగతావేవీ ముట్టుకోనక్కర్లేదు. చాసీ, అంటే బండి కింది చట్రం, తుప్పు పట్టి ఉంటే పైన రేకు అతికి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, కింద కాలిన ఇంజనాయిలు చల్లితే సరిపోద్ది. ఆ తర్వాత గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) పెరుగుద్ది, ఇసుకలో దిగబడదు, పాత బండిని ఆర్టీవో వాళ్ళు అడగరు.

ఇందులో కొన్ని మాటలు డబ్బు దండగ చేస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. ముందూ వెనకా కమాన్ కట్టలున్న పాత జీపు తరహా పికప్‌ను దృష్టిలో పెట్టుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

అందులో చెప్పిన తుప్పుతోనే మొదలుపెట్టాలి. మన తీరంలో అమ్మకానికొచ్చే పాత పికప్‌లకు అసలు జబ్బు అదే. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగిన బండిని తీసుకోండి. ట్రేలలో ఐసు కరిగి, ఉప్పు కలిసిన నీళ్ళు తొట్టి సందుల్లోంచి కారతాయి. వెనక క్రాస్‌మెంబర్ (చాసీ అడ్డపట్టీ) మీద పడి, చాసీ లోపలివైపుకి దిగి, కమాన్ హ్యాంగర్ (కట్టను చాసీకి పట్టి ఉంచే బ్రాకెట్) రివెట్ల చుట్టూ నిలుస్తాయి. పైనుంచి చూస్తే నల్లరంగు నున్నగా ఉంటుంది. గుండ్రం తల సుత్తితో చాసీ పొడుగునా తట్టుకుంటూ వెళ్తే నిజం తెలుస్తుంది. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే ఇనుము అప్పడం ముక్కల్లా పొరలు పొరలుగా ఊడొస్తుంది. హ్యాంగర్ బ్రాకెట్‌కీ చాసీకీ మధ్య తుప్పు ఉబ్బి, రెండింటినీ విడదీసేంత పొరగా పెరిగి ఉండటం కూడా కనిపిస్తుంది. రివెట్లు వదులయ్యేది అక్కడే.

"రెడ్ ఆక్సైడ్ కొడితే ఆగుద్ది" అన్న మాట ఇక్కడ ఎందుకు పనిచెయ్యదంటే, తుప్పు గుంటల్లో ఉప్పు కూర్చుని ఉంటుంది. అది గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. పైన రంగు ఎంత మందంగా వేసినా కింద తుప్పు నడుస్తూ, కొన్ని నెలలకే బొబ్బలు లేస్తాయి. అందుకే బ్రష్షు పట్టేముందు ఉప్పు పోవాలి. గట్టి పొరలు సుత్తితో రాల్చి, మంచినీళ్ళతో ప్రెషర్ వాష్ చేసి, ఆరాక గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ వేసి రుద్ది, మళ్ళీ కడగాలి. మంచినీళ్ళు అని నొక్కి చెప్పడానికి కారణముంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పుబోర్లే. ఆ నీళ్ళతో కడిగితే తీసిన ఉప్పును మళ్ళీ పెట్టినట్టే. కాలవ నీళ్ళో తాగేనీళ్ళ ట్యాంకరో తెప్పించుకోవాలి.

గుంటల్లో మిగిలిన కాస్త తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, వాళ్ళు చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, దాని మీద చాసీ రంగు. చాసీ లోపలికి బ్రష్షు పోదు కాబట్టి, రంగు పూర్తిగా ఆరాక సన్న గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (లోపలి బోలుకి పూసే మైనం) కొట్టాలి. నీళ్ళు కారే రంధ్రాలు మాత్రం మూయకూడదు. ఈ పనికి సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం తేమ వదలదు. రోహిణి కార్తె ఎండలో ఇనుము కాలిపోతుంటే రంగు పరుచుకోకముందే ఆరిపోతుంది.

"రేకు అతికితే చాలు" అన్నది ఇంకా ప్రమాదం. చాసీ మంచిగా ఉన్నచోట మందం వెర్నియర్‌తో కొలిచి, అంతే మందం ప్లేటు తేవాలి. తుప్పు ఇనుము మీద వెల్డింగ్ పట్టదు. కుళ్ళిన భాగాన్ని మంచి ఇనుము తగిలేదాకా కోసెయ్యాల్సిందే. ప్లేటు కొసలు తిన్నగా కోసి చాసీ పొడుగుకి అడ్డంగా, పైనుంచి కిందికి వెల్డింగ్ కుట్టు వేస్తే, బరువు పడ్డప్పుడు ఒత్తిడంతా ఆ గీత మీదే చేరి అక్కడే చీలుతుంది. కొసలను పడవ ముక్కులా ఏటవాలుగా కోస్తే ఒత్తిడి ఒక్కచోట కేంద్రీకరించదు. 2.5 మి.మీ. మందం ఉన్న 6013 రకం వెల్డింగ్ రాడ్డుకి 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15కి 90 నుంచి 130 దాకా పెట్టుకుని, కొంచెం కొంచెంగా చోటు మార్చుకుంటూ కుట్టాలి. ఒకే దెబ్బకి పొడుగునా లాగితే చాసీ వంకరపోతుంది. 7018 రాడ్డు గట్టిదే గానీ తేమ తగిలితే పాడు. తీరంలో విప్పిన ప్యాకెట్‌ను ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడకూడదు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి, డీజిల్ ట్యాంకు దించాలి, ఎర్త్ క్లాంపు కుట్టు పక్కనే పెట్టాలి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. ఇక హ్యాంగర్ దగ్గరే చాసీ కుళ్ళి ఉంటే అది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. అలాంటి బండి ఎంత చవకైనా కొనకపోవడమే మా సలహా.

కాలిన ఆయిలు సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, బ్రేకు డ్రమ్ముల్లోకి చేరితే లైనర్లు జారతాయి, ఇసుకను అంటించుకుంటుంది, వాన పడితే గుంటల్లోకీ పొలాల్లోకీ పోతుంది.

ఇక "లిఫ్ట్ చేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుద్ది" అన్న మాట. ఈ బండ్లలో నేలకు దగ్గరగా ఉండేది యాక్సిల్‌కి ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్, అంటే ఇంజను తిప్పుడుని రెండు చక్రాలకూ పంచే పళ్ళచక్రాల పెట్టె. షాకిల్ మార్చినా దిమ్మ పెట్టినా లేచేది బాడీ, చాసీ మాత్రమే. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ వ్యాసం పెరిగినదాంట్లో సగం. 6.00-16 టైరు ఎత్తు సుమారు 28.5 అంగుళాలు, 7.00-16 సుమారు 30.5. రెండంగుళాలు పెద్ద టైరు వేస్తే దక్కేది ఒక్క అంగుళం. దానికి బదులుగా స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి 64లో పోతుంటుంది, పాత ఇంజనుకి లాగుడు తగ్గుతుంది, బ్రేకుకి పని పెరుగుతుంది.

మైపాడు, కొత్తపట్నం ఇసుకలో బండి దిగబడకుండా కాపాడేది ఎత్తు కాదు, టైరులో గాలి. గాలి తగ్గిస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. ట్యూబ్‌లెస్ రేడియల్ అయితే 15 నుంచి 18 పీఎస్ఐ దాకా దించొచ్చు. పాత ట్యూబ్ టైరును మాత్రం 20కి దిగువకు తేకండి. రిమ్ము మీద టైరు జారి ట్యూబుని వెంట లాక్కుపోతే వాల్వు మెడ తెగుతుంది. తారురోడ్డు ఎక్కేముందు గాలి మళ్ళీ నింపాలి.

ఎత్తు పెరిగితే బరువు కేంద్రం కూడా పైకి పోతుంది. లెక్క కోసం ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1300 మి.మీ., బరువు కేంద్రం నేల నుంచి 700 మి.మీ. అనుకుందాం. బండి పక్కకి సుమారు 43 డిగ్రీలు వాలేదాకా కాగితం మీద నిలబడుతుంది. 100 మి.మీ. లేపితే అది 39కి దిగుతుంది. నిజంలో టైర్లు నలుగుతాయి, కట్టలు ఒక పక్కకి ఒదుగుతాయి కాబట్టి రెండూ ఇంకా తక్కువే. రొయ్యల గుంట గట్టు అంచు మెత్తబడి ఒక చక్రం కుంగినప్పుడు, తొట్టిలో సరుకు కూడా ఉంటే, ఆ తేడా బండి గుంటలోకి పోవడానికీ గట్టు మీద నిలవడానికీ మధ్య తేడా కావొచ్చు.

"పొడుగు షాకిల్ వేస్తే నాలుగు అంగుళాలు" అన్నదాంట్లో లెక్కే తప్పు. షాకిల్ ఉండేది కట్టకి ఒక కొసన, యాక్సిల్ ఉండేది దాదాపు మధ్యలో. కాబట్టి షాకిల్ పొడుగు ఎంత పెంచితే బండి అందులో సగమే లేస్తుంది. నాలుగు అంగుళాల కోసం ఎనిమిది అంగుళాలు పొడుగుది వెయ్యాలి. అసలు షాకిలే జానెడు ఉండదు. అంత పొడుగు షాకిల్ మలుపులో పక్కకి ఊగుతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు ముందు చక్రాల దగ్గర ఉంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. జీపు ముందు యాక్సిల్‌కీ అలాంటి వాలు ఉంటుంది, దాన్ని క్యాస్టర్ అంటారు. షాకిల్ కట్టకు ముందు కొసన ఉన్న బండ్లలో పొడుగు షాకిల్ వేస్తే కట్ట ముందువైపు కిందికి దిగి, యాక్సిల్ ముందుకి తిరిగి, ఆ వాలు తగ్గిపోతుంది. స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తుంది. కానీ మలుపు తర్వాత తనంతట తాను తిన్నగా రాదు. హైవే మీద బండి అటూ ఇటూ కొట్టుకుంటుంది, గుంతలో పడ్డాక ముందు చక్రాలు వణకడం మొదలుపెడతాయి. కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఉక్కు షిమ్ము (సన్న ఏటవాలు బిళ్ళ) వేసి క్యాస్టర్ సరిచెయ్యొచ్చు, కానీ అదే షిమ్ము డిఫరెన్షియల్ ముక్కును కిందికి తిప్పి గేర్‌బాక్సు వైపు నుంచి ముందు యాక్సిల్‌కి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాన్ని పాడుచేస్తుంది. అల్యూమినియం షిమ్ము వెయ్యకండి, నలిగి పగులుతుంది.

పాత బండి కుంగి కనిపిస్తే చాలామంది లిఫ్ట్ కావాలనుకుంటారు. నిజానికి దాని కట్టలు కూర్చుండిపోయి ఉంటాయి. చదును నేల మీద, ఖాళీ తొట్టితో, హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా నాలుగు మూలలా కొలిచి, కంపెనీ కొలతతో పోల్చి చూడండి. పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడం మరమ్మతు, మార్పు కాదు. చాసీని స్టాండుల మీద నిలిపి కట్ట దించాలి. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పేముందు కట్టను గట్టి సీ క్లాంపుతో బిగించాలి, లేకపోతే లోపలున్న బిగువుకి పట్టీలు ఎగిరి మొహానికి తగులుతాయి. ప్రతి పట్టీ రుద్ది, సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్ళు చూడాలి. పై పట్టీకి కింది పట్టీ కొస రాసుకున్నచోట లోతుగా గాడి పడి ఉంటే ఆ పట్టీ మార్చాలి. పగుళ్ళు లేని పట్టీలకు కమాన్ పనివాళ్ళు చల్లగా ఉండగానే సుత్తితో వంపు తిరిగి పట్టిస్తారు. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచేవాళ్ళ దగ్గరికి పోవద్దు. నూనెలో చల్లార్చి, తగిన వేడిలో మళ్ళీ పదును దించకపోతే ఆ పట్టీ మెత్తగా అయి కూర్చుంటుంది, లేదా పెళుసై విరుగుతుంది. సెంటర్ బోల్టు, బుష్‌లు, కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే వెయ్యాలి. అదనంగా ఒక పట్టీ వెయ్యడం కూడా ఊరికే పోదు. ఏడు పట్టీల కట్టకి అదే మందం ఎనిమిదోది చేరిస్తే కట్ట సుమారు 14 శాతం బిగుసుకుంటుంది. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది.

"ముందూ వెనకా దిమ్మలు" అన్న సలహా పాటించకండి. వెనక యాక్సిల్‌కి ఒక్క దిమ్మ, మధ్యలో పిన్ను ఉన్న ఉక్కుది, కొంతవరకు ఒప్పుకోవచ్చు. ముందు యాక్సిల్‌కి అసలు వద్దు. బ్రేకు తొక్కినప్పుడు యాక్సిల్ తిరగాలని చూస్తుంది, దిమ్మ దానికి మీటలా పనిచేసి కట్టను మెలిపెడుతుంది. దిమ్మ జారి బయటికొస్తే స్టీరింగ్ చేతిలో ఉండదు. దిమ్మ మీద దిమ్మ పెట్టడం కూడా అంతే ప్రమాదం.

"మిగతావేవీ ముట్టుకోనక్కర్లేదు" అన్నదాన్ని ఇంటి దగ్గరే పరీక్షించొచ్చు. చాసీకి జాకీ వేసి చక్రాలు గాల్లో వేలాడేదాకా లేపి, కింద స్టాండులు పెట్టి చూడండి. సిమెంటు ఇటుకలు పెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి. బ్రేకు హోసు తీగలా బిగుసుకుంటే పొడుగుది కావాలి. షాకబ్జార్లు పూర్తిగా చాచుకుపోయి యాక్సిల్ బరువు మోస్తుంటే అవీ మారాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ స్ప్లైన్ (ఒకదాంట్లో ఒకటి జారే గాళ్ళ భాగం) ఎంత బయటికొచ్చిందో చూడాలి. షాఫ్ట్ మీటరు పొడుగనుకుంటే ప్రతి 25 మి.మీ. లిఫ్ట్‌కి సుమారు 1.4 డిగ్రీలు కోణం పెరుగుతుంది. 600 మి.మీ. పొట్టి షాఫ్ట్ అయితే 2.4. బండిని మళ్ళీ చక్రాల మీద దించి, ఫోన్‌లోని లెవెల్‌తో గేర్‌బాక్సు వైపు ఫ్లాంజీ (షాఫ్ట్ బిగించే చదును అంచు), డిఫరెన్షియల్ వైపు ఫ్లాంజీ ఎంత వాలి ఉన్నాయో కొలవండి. రెండూ ఒక డిగ్రీ తేడాలో సమాంతరంగా లేకపోతే షాఫ్ట్ వణుకుతుంది, దాని కొసల కీళ్ళలో ఉండే క్రాస్‌లు తొందరగా అరుగుతాయి. స్టీరింగ్ డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) బాగా ఏటవాలుగా అయితే, గుంత వచ్చినప్పుడల్లా బండి తనంతట తానే పక్కకి లాగుతుంది. బరువును బట్టి వెనక బ్రేకుని సర్దే వాల్వు ఉన్న బండ్లలో ఇంకో ముప్పు ఉంది. చాసీ యాక్సిల్‌కి దూరమవగానే తొట్టి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనక బ్రేకు తగ్గించేస్తుంది, నిండా సరుకున్నా సరే.

"ఆర్టీవో వాళ్ళు అడగరు" అన్నది పచ్చి అబద్ధం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. గూడ్స్ బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. పాతదవుతున్నకొద్దీ అడిగే సందర్భాలు పెరుగుతాయే గానీ తగ్గవు.

చివరగా "ఒక్క ఆదివారం". చాసీ కడిగి ఆరబెట్టడానికే రెండు మూడు రోజులు, ప్రైమర్ పూతల మధ్య విరామం వేరు. కట్టలు బిగించే రోజు కూడా పని ఆ రోజుతో పూర్తికాదు. షాకిల్ బోల్టులు బండి చక్రాల మీద దిగి బరువు పడ్డాకే గట్టిగా బిగించాలి, గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి చిరుగుతుంది. యూ బోల్టు నట్లు నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, మాన్యువల్ చెప్పిన టార్కుకి తేవాలి. నట్టు మీద నుంచి ప్లేటు మీదకి తెల్లరంగుతో గీత గీసి, ఖాళీ బండిని ఒక వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, టార్క్ రెంచితో మళ్ళీ చూడండి. కొత్త కట్టలు ఒదుక్కుని ఉంటాయి కాబట్టి నట్లు తప్పకుండా కొంత తిరుగుతాయి. పాత గీత చెరిపి కొత్తది గీయండి. 500 కిలోమీటర్ల దగ్గర ఆ గీత చెదరకుండా ఉంటే తొట్టిలో సరుకు వేసుకోవచ్చు.