శిక్షణలు చాలు, ఆర్డర్లు ఇద్దాం

వరంగల్‌లో పేద కుటుంబాలకు ఏదైనా చేద్దామని అమెరికాలోని మన తెలుగు సంఘంలో ఎవరు లేచినా చివరికి తేలేది ఒక్కటే, పాత వస్తువులతో బొమ్మలూ బుట్టలూ చేయడంలో ఉచిత శిక్షణ. వారం రోజుల క్యాంపు, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. తర్వాత ఆ ప్లాస్టిక్ సీసా పూలకుండీలు ఎవరు కొంటారని ఒక్కరూ అడగరు. నిజం చెప్పాలంటే మనమే కొనం.

అసలు ఈ విషయంలో వాళ్ళకు మనం నేర్పేదేముందండీ? పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టడం మన ఊళ్ళల్లో అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలున్నాయి, 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. టైలర్ షాపుల్లో మిగిలిన గుడ్డ ముక్కల్ని పేలికలుగా చింపి పేకగా, అంటే అడ్డ పోగుగా, వేసి నేస్తే గట్టి పట్టా తయారవుతుంది. పని వచ్చినవాళ్ళున్నారు, కొనేవాళ్ళు కావాలి.

మహాసభలకు వచ్చినవాళ్ళకు ఇచ్చే సంచులు, అతిథులకిచ్చే జ్ఞాపికలు మనం ఎలాగూ కొంటాం కదా, ఆ డబ్బే వరంగల్‌లోని మహిళా పొదుపు సంఘాలకు, పాత గుడ్డతో అవే చేయమని ఆర్డర్‌గా ఇద్దాం. సగం అడ్వాన్స్ ముందే పంపాలి, లేకపోతే దారానికీ జిప్పులకీ వాళ్ళు వడ్డీకి అప్పు తెచ్చుకోవాల్సి వస్తుంది, మనం బిల్లు పాస్ చేసేసరికి ఆ వడ్డీయే లాభాన్ని తినేస్తుంది. రేటు దగ్గర బేరమాడొద్దు. ఒక్కో సంచికి ఎన్ని గంటలు పడుతుందో అడిగి, రోజు కూలి గిట్టేలా లెక్క కట్టాలి. గుడ్డ ఊరికే వచ్చింది కదా అనే మాట అస్సలు అనొద్దు, ఎందుకంటే దాన్ని ఏరడం, ఉతకడం, ఆరబెట్టడం కూడా పనే. సింథటిక్ చీరలు కాళ్ళు తుడుచుకునే పట్టాలకు పనికిరావు, నీళ్ళు పీల్చవు, కాటన్ వేరు చేసుకోవాలి.

బొంతలు మాత్రం అమెరికాకు తెప్పించొద్దు, బరువెక్కువ, కొరియర్ ఖర్చే బొంత ధరను దాటిపోవచ్చు. వాటిని హైదరాబాద్‌లో మన చుట్టాలుండే అపార్ట్‌మెంట్లలో అమ్మించొచ్చు, ఏసీ గదుల్లో బాగా పనికొస్తాయి.

జులైలో సభలంటే సంక్రాంతికే ఆర్డర్ వెళ్ళాలి, ఎండలుండగానే ఉతుకుడు పని అయిపోతుంది. సంచి మీద ఎంతమంది స్పాన్సర్ల లోగోలు వేయాలో కూడా అప్పుడే తేల్చండి, జూన్‌లో ఇంకో లోగో ఇరికించమంటే వాళ్ళు కుట్టినవన్నీ విప్పుకోవాలి.