శక్తి: రాగం కోసం గిటారే మారింది

జాజ్‌నీ మన సంగీతాన్నీ కలపబోయిన బృందాలు చాలావరకు ఒకేచోట తడబడ్డాయి. కీబోర్డు మీద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) మారుతుంటాయి. వాటిపై వేణువో సితారో రాగం నడపాలి. కింద కార్డ్ మారగానే చెవి కొత్త షడ్జమం (ఆధారమైన 'స') వెతుక్కుంటుంది, రాగం ఆనవాలు చెదురుతుంది. గాంధారాన్ని ('గ'ను) ఊపితే కార్డ్‌లో కదలకుండా ఉన్న గాంధారంతో ఒరుసుకుంటుంది. దాంతో విద్వాంసుడు గమకం, అంటే ఆ ఊపు, తగ్గించి స్వరాలు చదివినట్టు వాయిస్తాడు.

1970ల్లో జాజ్‌నీ మన సంగీతాన్నీ కలిపిన 'శక్తి' బృందంలో సర్దుకున్నది గిటార్. మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ హోరుతో పేరుపొందిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఇక్కడ అకౌస్టిక్ పట్టారు. అంతకుముందే అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. గిబ్సన్ కంపెనీ చేసిన ఆ గిటార్‌లో మెట్ల మధ్య చెక్కను లోపలికి తొలిచారు. వేలు చెక్కకు తగలదు కాబట్టి తీగను వీణ మీదలాగే లాగొచ్చు, నొక్కొచ్చు. చిక్కూ అక్కడే ఉంది: నొక్కు కాస్త ఎక్కువైతే స్వరం శ్రుతి దాటిపోతుంది. గిటార్ పొట్టమీది రంధ్రం మీదుగా ఏటవాలుగా మరో ఏడు తీగలు బిగించారు. రాగం మారితే వాటినీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి.

లయలో రాజీ అవసరమే రాలేదు. 16 మాత్రల తీన్‌తాళంలో సమం (మొదటి మాత్ర) నుంచి ఎత్తుకుని, 5 మాత్రల సొల్లును (జతిని) మధ్యలో ఒక్కో మాత్ర వదిలి మూడుసార్లు వాయిస్తే చివరి దెబ్బ 17వ మాత్రపై, అంటే మళ్లీ సమం మీద పడుతుంది. హిందుస్తానీలో అది తిహాయి. ఎనిమిది అక్షరాల ఆదితాళాన్ని అక్షరానికి రెండు మాత్రల చొప్పున లెక్కిస్తే అదే ముక్తాయింపు. జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరాం ఘటం కలిసింది ఈ లెక్క మీదే. ఆ వదిలే మాత్రను ఎవరైనా నింపేశారో, వినేవాళ్లకు లెక్క తప్పుతుంది.

1975 జూలైలో అమెరికాలో కచేరీగా రికార్డు చేసిన తొలి ఆల్బమ్‌లో మూడే అంశాలు. ఒకటి దాదాపు అరగంట. ఎల్. శంకర్ వయొలిన్‌కూ గిటార్‌కూ మధ్య సవాల్ జవాబ్ సాగాలంటే ఆ నిడివి కావాలి. 1977 నాటి మూడో ఆల్బమ్‌లో ఎనిమిది చిన్న అంశాలు కుక్కారు. వినసొంపుగానే ఉంటాయి గానీ రాగం ఊపందుకునేలోపే ముగుస్తాయి. ఆ తర్వాత బృందం చెదిరింది.

1997లో 'రిమెంబర్ శక్తి'గా మళ్లీ మొదలయ్యాక వయొలిన్ చోటును నింపింది మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ యు. శ్రీనివాస్. జంట తీగల మాండలిన్ మీద గమకం పలకడం కష్టం. ఒకేసారి రెండు తీగలు లాగాలి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో ఆ ఇబ్బందిని తీసేశారు. నా దృష్టిలో ఆ బృందపు రెండో జీవితంలో అత్యుత్తమ ఘట్టాలు ఆయనవే. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

శక్తి పేరుతో వచ్చిన 2023 నాటి 'దిస్ మూమెంట్'కు 2024లో గ్రామీ వచ్చింది. కళాకారులు ఎవరి చోట వాళ్లు రికార్డు చేసి పంపుకున్న ఆల్బమ్ అది. పని శుభ్రంగా ఉంది, శంకర్ మహదేవన్ గాత్రం నిండుగా ఉంది. కానీ అవతలివాడి ఎత్తుగడ విని అప్పటికప్పుడు దారి మార్చే ఆ తెగింపు వేర్వేరు గదుల్లో పుట్టదు. 2024 డిసెంబర్‌లో జాకిర్ కన్నుమూశారు. వయొలిన్ బదులు మాండలిన్ వచ్చింది. ఘటం తండ్రి వినాయకరాం నుంచి కొడుకు సెల్వగణేశ్‌కు దక్కింది. ఉత్తరాది కాయిదాలనూ (తబలా మీద విస్తరించుకుంటూ పోయే రచనలనూ) కర్ణాటక ముక్తాయింపులనూ ఒకే చేత్తో నడిపే తబలాను వెతకడం మాత్రం వీటన్నిటికన్నా కష్టం.