ముందు నీడ, తర్వాత విగ్రహం

అరిజోనాలో మన పిల్లలకు వేసవి సెలవులు మే చివర మొదలై జూలైలోనే అయిపోతాయి. న్యూజెర్సీ బంధువుల్లాగా వానలు పడేదాకా ఆగి ఊరికి వెళ్దామంటే కుదరదు. అందుకే ఛాండ్లర్, గిల్బర్ట్‌లలో కాపురముంటున్న వరంగల్ కుటుంబాలు ఒక ఎండలో విమానం ఎక్కి ఇంకో ఎండలో దిగుతాయి, అదీ సరిగ్గా రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో. పిల్లలు రెండు రోజులు మామిడిపండ్లతో, మేనమామ ఫోనుతో కాలక్షేపం చేస్తారు. మూడో రోజు సాయంత్రానికి అమ్మమ్మ అడిగేస్తుంది: "వీళ్ళను కాసేపు ఎక్కడైనా తిప్పుకొని రారాదా?"

చోట్లు లేక కాదు. హనుమకొండలో పబ్లిక్ గార్డెన్ ఉంది, నేరెళ్ల వేణుమాధవ్ పేరుతో కళాప్రాంగణం అందులోనే. భద్రకాళి చెరువు కట్ట మీద నడకదారి ఉంది. వడ్డేపల్లి చెరువు ఉంది. హంటర్ రోడ్డులో జంతువుల పార్కు ఉంది, ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రం అనే అంటారు. అదే రోడ్డులో సైన్స్ సెంటరూ ఉంది కాబట్టి పొద్దున్నే జింకలను చూపించి ఎండ ముదిరేలోగా పిల్లలను లోపలికి తోలవచ్చు. ఖిలా వరంగల్ ఉంది. ఆదివారం కారు మాట్లాడుకుంటే రామప్ప, లక్నవరం, పాకాల. కరీంనగర్ చుట్టాలుంటే మానేరు డ్యాం, దాని పక్కన ఉజ్వల పార్కు.

నా ఫిర్యాదు ఆదివారాల గురించి కాదు. మామూలు మంగళవారం సాయంత్రం, ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల్లో చేరి, ముసలివాళ్ళు, చంటిపిల్లలు కలిసి గంటసేపు కూర్చునే చోటు గురించి. ఆ పనికి మన ఊరి కొత్త పార్కులు చాలావరకు పనికిరావు. వాటిని కట్టినవాళ్ళు ఫొటోను తలుచుకొని కట్టారు గానీ ఎండను తలుచుకొని కట్టలేదు.

ఒక పార్కు సంగతి చెబుతాను, పేరు వద్దు. గేటు దగ్గర రంగుల అక్షరాలు, లోపల సిమెంటు జింకలు, గ్రానైటు బెంచీలు, ఇనుప జారుడుబల్ల, వరుసగా పామ్ చెట్లు. సాయంత్రం ఆరు దాటినా బెంచీ మీద చెయ్యి పెట్టలేం. రాయీ సిమెంటూ పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక మెల్లగా వదులుతాయి. గుట్టల మధ్య పుట్టిన ఊరికి ఈ సంగతి ఎవరో వచ్చి చెప్పాలా? పిల్లవాడు జారుడుబల్ల ఎక్కి, కాలు కాలి, ఏడుస్తూ దిగాడు. పామ్ చెట్టు నీడ దాని మొదలుకే చాలదు. కాస్త చల్లబడి ఆట మొదలయ్యేసరికి కాపలామనిషి ఈల ఊదాడు, మూసే వేళ అయిందట. పొద్దున కూడా ఎండెక్కాకే తెరుస్తారని తర్వాత తెలిసింది. మధ్యాహ్నమంతా మాత్రం గేటు బార్లా తెరిచి ఉంటుంది, ఎవరి కోసమో!

మేమున్న చోటు స్వర్గమని చెప్పడం లేదు. 2023లో మా పక్కనున్న ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారెన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. మన మే నెల లెక్కే అది, కాకపోతే నెలంతా ఆగకుండా. ఆ ఎండను ఒప్పుకొని వేళలు పెట్టుకున్నారు. తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజున కేమెల్‌బ్యాక్ కొండ దారిని పగటిపూట మూసేస్తారు. ఆటస్థలాల మీద గుడ్డ పందిళ్ళు కడతారు. గిల్బర్ట్‌లో మా పిల్లలు పిట్టలను చూసే పార్కు ఉత్త పార్కు కోసమే పుట్టింది కాదు. శుద్ధి చేసిన మురుగునీటిని భూమిలోకి ఇంకించడానికి 110 ఎకరాల్లో తవ్విన ఏడు కుంటలవి. గట్ల మీద చెట్లు పెట్టి, దారులు వేసి, జనాన్ని రానిచ్చారు.

అక్కడ నడుస్తున్నప్పుడల్లా నాకు కాస్త కడుపుమంటగా ఉంటుంది. నీళ్ళను ఆపి, కట్ట పోసి, దాని చుట్టూ ఊరు బతకడం కాకతీయులు 800 ఏళ్ళ కిందటే చేసి చూపించారు. గొలుసుకట్టు చెరువుల దేశం మనది. కట్ట మీద గాలి ఊళ్ళో గాలికన్నా చల్లన అని పశువులు కాసే పిల్లవాడికీ తెలుసు. 2024 చివర భద్రకాళి చెరువులో నీళ్ళు వదిలేసి, తర్వాత పూడికతీత మొదలుపెట్టారు, సంతోషమే. పూడిక తీయడానికి పెట్టిన శ్రద్ధలో కొంత గట్టు మీద చెట్టు నాటడానికీ పెట్టాలని నా గొడవ. నీటి అంచున సిమెంటు పరిచి రంగు దీపాలు పెడితే ఆ చల్లగాలిని మనమే సగం చంపుకున్నట్టు.

ఏ చెట్టు అంటే కానుగ. ఉగాది వేళకు కొత్త ఆకు వేసుకొని, సరిగ్గా మనకు కావలసిన ఏప్రిల్, మే నెలల్లో చిక్కటి నీడనిస్తుంది. వేపా అంతే. స్థలముంటే రావి, మర్రి, చింత. పచ్చిక బయలు మాత్రం వద్దు. వేసవిలో దానికి పోసే నీళ్ళతో ఒక తోపు పెంచవచ్చు.

చెట్ల తర్వాత మరుగుదొడ్డి. ఇది రాయడానికి పత్రికల్లో మొహమాటపడతారు, నాకు లేదు. శుభ్రమైన మరుగుదొడ్డి లేని పార్కుకు ఆడవాళ్ళు రారు, షుగరున్న తాతలు రారు, చంటిపిల్లల తల్లులు అసలే రారు. మిగిలేది కుర్రాళ్ళు, వాళ్ళ సెల్ఫీలు. బతుకమ్మ రోజుల్లో పద్మాక్షి గుట్ట కింద, భద్రకాళి గుడి దగ్గర ఊరంతా ఆడవాళ్ళదే అవుతుంది. ఆ తొమ్మిది రోజులు పోతే ఏడాది పొడవునా వాళ్ళు సాయంత్రం ఎక్కడ కూర్చుంటారో చూడండి. ఇంటి ముందు గద్దె మీద, లేదా టీవీ ముందు.

ఇక అరిజోనాలో మన సంఘం. ఊరికి ఏదైనా చేయాలని మనవాళ్ళకు నిజంగానే ఉంటుంది. చేసేటప్పుడు మాత్రం స్వాగత తోరణం, విగ్రహం, పేర్లు చెక్కిన ఫలకం ఉన్న బెంచీ. కారణం తెలిసిందే: అవి డిసెంబరు ప్రయాణంలో ప్రారంభోత్సవం చేసి వచ్చేయడానికి వీలైనవి. చెట్టుకు ఆ సౌకర్యం లేదు. మొక్క ఖరీదు ఎంతో కాదు, దానికి మూడు వేసవులు నీళ్ళు పోసే మనిషి జీతమే అసలు ఖర్చు. మరుగుదొడ్డి కూడా అంతే. కట్టడానికి దాతలు దొరుకుతారు, కడగడానికి దొరకరు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఈసారి తోరణం వద్దు. కార్పొరేషన్‌తో మాట్లాడి ఒకే ఒక్క చిన్న పార్కు తీసుకుందాం, ఇళ్ళ మధ్య ఉన్నది. మృగశిర వానలకు కానుగ మొక్కలు నాటిద్దాం. నీళ్ళు పోసే మనిషికి, మరుగుదొడ్డి శుభ్రం చేసే మనిషికి మూడేళ్ళు నెలనెలా జీతం పంపుదాం. వేసవిలో పొద్దున అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది దాకా గేటు తెరిచి ఉంచాలన్నది మన ఒక్క షరతు. ఫలకం లేకపోతే ఎలా అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మూడో వేసవి దాటాక ఎన్ని చెట్లు బతికాయో లెక్కపెట్టి, ఆ అంకె పక్కన వాళ్ళ పేర్లు చెక్కిద్దాం.