10 కిలోలీటర్ల మినహాయింపు: మెసేజ్‌లో ఉంది, చట్టంలో లేదు

చిన్న పరిశ్రమల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇది: "రోజుకు 10 కిలోలీటర్ల లోపు వ్యర్థజలం వచ్చే యూనిట్‌కి పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) కన్సెంట్, అంటే అనుమతి, అక్కర్లేదు. చిన్నవాళ్ళకి బోర్డు పరిమితులు సడలిస్తుంది. వాగులో కలిస్తే ఎలాగూ పలచబడిపోతుంది. బోర్డు కాదంటే ప్రభుత్వం దగ్గర జీవో తెచ్చుకోవచ్చు, అమెరికాలో కూడా ఇలాంటి వేరియన్స్‌లు (ప్రమాణం నుంచి విడి మినహాయింపులు) ఇస్తారు. చిన్న యూనిట్ ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) ఎక్కడ పెట్టగలదు?" ఒక్కో మాటా చూద్దాం.

"10 కిలోలీటర్ల లోపు కన్సెంట్ అక్కర్లేదు"

1974 నీటి చట్టం 25వ సెక్షన్‌లో లీటర్ల లెక్కే లేదు. వ్యర్థజలం వాగులోకి గానీ, బావిలోకి గానీ, మురుగు కాలువలోకి గానీ, నేల మీదికి గానీ వెళ్ళే అవకాశం ఉంటే ముందస్తు కన్సెంట్ కావాలి. యూనిట్ పెట్టడానికి ఒక కన్సెంట్ (సీఎఫ్‌ఈ), నడపడానికి ఇంకొకటి (సీఎఫ్‌ఓ). "మా పక్కన ఉన్నది ఎండిపోయిన వాగే కదా" అనేవాళ్ళకి 2వ సెక్షన్ చూపించాలి. ప్రస్తుతం ఎండి ఉన్న నీటిదారి కూడా చట్టం దృష్టిలో ప్రవాహమే, భూగర్భజలం కూడా అంతే.

నిజంగా ఉన్న మినహాయింపు కాలుష్యం నామమాత్రంగా ఉండే వైట్ కేటగిరీది. 2016 వర్గీకరణలో కాలుష్య స్కోరు 20 దాటని పరిశ్రమలు అందులోకి వచ్చాయి. ఎల్‌ఈడీ బల్బుల అసెంబ్లీ, సైకిళ్ళ అసెంబ్లీ లాంటివి. 2024 సవరణ కూడా కొన్ని కేటగిరీల పరిశ్రమలను కన్సెంట్ నుంచి తప్పించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. రెండు చోట్లా చూసేది పరిశ్రమ రకాన్ని. ఎలక్ట్రోప్లేటింగ్ (లోహపు పూత వేసే) షాపు రోజుకు 500 లీటర్లే వదిలినా కాలుష్యం అత్యధికంగా ఉండే రెడ్ కేటగిరీయే.

ఈ అపోహ పాత నీటి సెస్సు నుంచి వచ్చి ఉండొచ్చు. తక్కువ నీళ్ళు వాడే పరిశ్రమలకు సెస్సు మినహాయించే వీలు అందులో ఉండేది. ఆ సెస్సు 2017లో జీఎస్టీ రాకతో పోయింది. అది ఉన్న రోజుల్లో కూడా సెస్సు వేరు, కన్సెంట్ వేరు.

"చిన్నవాళ్ళకి బోర్డు పరిమితులు సడలిస్తుంది"

1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లో 3(2) చదవండి. ప్రమాణాలను ఇంకా కఠినం చేసే అధికారం బోర్డుకి ఉంది, అదీ కారణాలు రాతలో నమోదు చేశాక. అందులో సడలింపు ఊసు లేదు. నదిలోకి వదిలే నీటికి ఆరో షెడ్యూలు సాధారణ పరిమితులు ఇవి: పీహెచ్ 5.5 నుంచి 9, బీఓడీ (నీళ్ళలోని మలినాన్ని సూక్ష్మజీవులు కుళ్ళబెట్టడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (అదే పని రసాయనంతో చేయడానికి పట్టే ఆక్సిజన్) 250, కరగకుండా నీళ్ళలో తేలియాడే ఘనపదార్థాలు 100, నూనె-గ్రీజు 10, హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) 0.1. 

నీళ్ళు ఎక్కడికి పంపుతారన్నదాన్ని బట్టి మాత్రం పరిమితి మారుతుంది. మురుగు కాలువకైతే బీఓడీ 350, సాగునేలకైతే 100. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 350 వర్తించాలంటే ఆ కాలువ చివర జీవశుద్ధి ఉన్న ప్లాంటు ఉండాలి. లేకపోతే అది నదిలోకి వదిలినట్టే లెక్క, మళ్ళీ 30కే రావాలి. మన ఊళ్ళలో నాలాలు చాలావరకు ఎక్కడ తేలతాయో వేరే చెప్పాలా?

"నదిలో పలచబడిపోతుంది"

శాంపిల్ తీసేది నదిలో కాదు, మీ అవుట్‌లెట్ దగ్గర. బోరునీళ్ళు కలిపి అక్కడే పలచన చేద్దామంటే ఉత్పత్తిని బట్టి వ్యర్థజలం పరిమాణానికి కూడా హద్దుంది. డెయిరీకి కిలోలీటరు పాలకు 3 ఘనపు మీటర్లు, తోళ్ళ శుద్ధికి టన్ను పచ్చితోలుకు 28.

లెక్క కూడా వేసి చూద్దాం. చిన్న ప్లేటింగ్ షాపు రోజుకు 10 కిలోలీటర్లు వదులుతోంది, అందులో హెక్సావాలెంట్ క్రోమియం లీటరుకు 20 మిల్లీగ్రాములు అనుకుందాం. అంటే రోజుకు 200 గ్రాములు. తాగునీటికి క్రోమియం పరిమితి 0.05. ఆ 200 గ్రాములు అంత పలచన కావాలంటే రోజుకు 4,000 ఘనపు మీటర్ల మంచినీళ్ళు కావాలి, సెకనుకు దాదాపు 46 లీటర్లు. నిండుగా పారే కృష్ణకి ఇది లెక్కలోకి రాదు, ఒప్పుకుంటాం. కానీ షాపు వదిలేది కృష్ణలోకి కాదు, పక్క వాగులోకి. అదీ 24 గంటలూ సమంగా కాదు. రాత్రిపూట సంప్ వాల్వు తిప్పి 20 నిమిషాల్లో ఖాళీ చేస్తే రోజు మొత్తం సరుకు 72వ వంతు సమయంలో పోయినట్టు. అప్పుడు కావాల్సింది సెకనుకు 3,300 లీటర్లు. మే నెలలో ఏ వాగులో ఉంటాయి అన్ని నీళ్ళు? పైగా లోహం మాయమైపోదు, అడుగు బురదలో పేరుకుంటుంది.

లోహం లేని డెయిరీ సంగతీ చూడండి. బీఓడీ 1,500 ఉన్న 10 కిలోలీటర్ల నీళ్ళంటే 15 కిలోల ఆక్సిజన్ అప్పు. 30 డిగ్రీల దగ్గర నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. 2,000 ఘనపు మీటర్ల నీటిని పూర్తిగా ఊపిరాడకుండా చేయడానికి ఆ అప్పు సరిపోతుంది.

"ప్రభుత్వం జీవో ఇస్తే చాలు"

ఈ ప్రశ్నకి జవాబు హైదరాబాద్ నుంచే వచ్చింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు వద్దని 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో శంషాబాద్ దగ్గర ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టదలచిన ఒక కంపెనీకి 1997లో ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. నికెల్ ఉత్ప్రేరకం వాడే ప్రక్రియ అది. బోర్డు కన్సెంట్ నిరాకరించింది. అప్పీలు అథారిటీ, హైకోర్టు కంపెనీ పక్షాన నిలిచాయి. బోర్డు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఏపీ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు కేసులో 2000 డిసెంబర్ 1న తీర్పు వచ్చింది: నిషేధించిన ప్రాంతంలో ఒక పరిశ్రమకు విడిగా మినహాయింపు ఇవ్వడం చెల్లదు, జాగ్రత్తలు తీసుకుంటామన్న హామీ ఉన్నా సరే. జీవో 111 ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో జీవో 69 ఇచ్చారు, అది ఆ ప్రాంతం మొత్తానికి. ఒక్క కంపెనీకి తలుపు తీయడం గురించి తీర్పు చెప్పిన మాట వేరు.

"అమెరికాలో ఇస్తారు"

ఇస్తారు. అక్కడ తమ యూనిట్ మిగతావాటికి మౌలికంగా భిన్నమని చూపి అడిగే వేరియన్స్‌కి కొత్త ప్రమాణం వచ్చిన 180 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కట్టుకునే స్తోమత లేదన్న వాదన, మా నీళ్ళు ఆ నదిని పాడుచేయవన్న వాదన, రెండూ అక్కడ చెల్లవని నిబంధనలోనే రాసి ఉంది. మెసేజ్ ఆధారపడింది సరిగ్గా ఆ రెండింటి మీదే.

"చిన్న యూనిట్ ఈటీపీ పెట్టలేదు"

పై ప్లేటింగ్ షాపునే తీసుకోండి. మొదటి పని, క్రోమ్ కడుగునీళ్ళను మిగతావాటి నుంచి వేరు చేయడం. ఆ 200 గ్రాములూ 2 కిలోలీటర్లలోకి వస్తే శుద్ధి చేయాల్సిన ట్యాంకు ఐదో వంతుకి తగ్గుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 నుంచి 2.5కి దించాలి. హెక్సావాలెంట్‌ని అంత విషం లేని ట్రైవాలెంట్ క్రోమియంగా మార్చడానికి లెక్క ప్రకారం సుమారు 550 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ చాలు, ఆచరణలో 700 గ్రాముల నుంచి కిలో దాకా పడుతుంది. అరగంట కలిపితే పసుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. కంటిని నమ్మకుండా డైఫినైల్ కార్బజైడ్ చుక్కలు వేసి చూడాలి. ఊదా రంగు వచ్చిందంటే హెక్సావాలెంట్ ఇంకా ఉన్నట్టే. రాకపోతే సున్నంతో పీహెచ్ 8.5 నుంచి 9కి తెచ్చి, బురద దిగనిచ్చి, పైనీళ్ళు తీయాలి.

చెడేది ఎక్కడంటే: పీహెచ్ 3 దాటి ఉంటే అరగంట పని గంటలు పడుతుంది. తేమ తగిలిన మెటాబైసల్ఫైట్‌లో బలం ఉండదు. సున్నం ఎక్కువై పీహెచ్ 10 దాటితే దిగిన క్రోమియం మళ్ళీ కరుగుతుంది. సయనైడ్ లైను ఈ ఆమ్లపు ట్యాంకులో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది, మనిషి ప్రాణం తీసే వాయువు. అందుకే సయనైడ్‌కి వేరే పైపు, వేరే ట్యాంకు, క్షార స్థితిలో క్లోరిన్ శుద్ధి.

బురద ప్రమాదకర వ్యర్థం, దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. చిన్నవాళ్ళకి చట్టం నిజంగా ఇచ్చిన సడలింపు ఇక్కడుంది. మామూలు నిల్వ గడువు 90 రోజులు. ఏడాదికి 10 టన్నుల లోపు వచ్చే యూనిట్లకు బోర్డు దాన్ని 180 రోజులకు పెంచవచ్చు.

ఇంకో సడలింపు, పరిమితి మీరినప్పుడు కట్టాల్సిన పరిహారం లెక్కలో ఉంది. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సూత్రంలో రెడ్ యూనిట్‌కి కాలుష్య స్కోరు 80, దాన్ని 250 రూపాయలతో, పరిశ్రమ పరిమాణపు గుణకంతో, ఊరి జనాభా గుణకంతో హెచ్చవేస్తారు. పెద్ద పరిశ్రమకు పరిమాణం 1.5, చిన్నదానికి 0.5. 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో చిన్న ప్లేటింగ్ షాపుకి రోజుకు 10,000 రూపాయలు, 60 రోజులకు 6 లక్షలు. రోజుల లెక్క ఆగేది మీరు ట్యాంకు కట్టిన రోజున కాదు, సరిచేశారని బోర్డు తనిఖీలో తేలిన రోజున.