మాతో వేరు చేయించి, మీరు కలిపేస్తారా?

తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో. డైపర్లు విడిగా కాగితంలో చుట్టాలి. అన్నీ చేస్తున్నాం. తీరా మున్సిపాలిటీ చెత్త బండి వచ్చాక రెండు డబ్బాలూ ఒకే తొట్టెలో బోర్లించేస్తారు! ఇంకెందుకు మాతో వేరు చేయించడం?

బండి మీదున్న అతన్ని అడిగితే, "ఉన్నది ఒకటే తొట్టె అమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడు. నిజమే, అతన్నేమనగలం? చేతికి గ్లౌజులు కూడా లేవు. పగిలిన గాజు ముక్కలు, ఇంజెక్షన్ సూదులు వట్టి చేతుల్తోనే ఏరుతున్నాడు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

తడి, పొడి, ప్రమాదకర చెత్త విడివిడిగా తీసుకోవాలని 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు కదా! ఇన్నేళ్లలో బండి మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టలేకపోయారా?

పైగా కొత్త విధానమంటూ వీధి చివర కుండీ తీసేశారు. బండేమో ఒక రోజు ఏడింటికి, ఇంకో రోజు పదకొండింటికి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఏం చెయ్యాలి? కుండీ ఉన్న చోట ఇప్పుడు కుప్ప. ఆవులు ప్లాస్టిక్ కవర్లతో సహా తినేస్తున్నాయి.

ఆంధ్రలో 2021లో వేసిన చెత్త పన్ను మీద ఎంత గొడవ జరిగింది! అందులో పదో వంతైనా ఈ కలిపేయడం మీద జరిగిందా?

తడి చెత్త విడిగా వెళ్తే ఎరువవుతుంది. ప్లాస్టిక్‌తో కలిస్తే డంపింగ్ యార్డే గతి. అక్కడ కుళ్లి, మీథేన్ అనే మండే వాయువు పుట్టి, మంటలంటుకుంటే ఆ పొగ పీల్చేది ఎవరు? పక్కన ఇళ్లున్న పేదవాళ్లే. ముందు అరలున్న బండ్లు పంపండి. ఆ కార్మికులకు గ్లౌజులివ్వండి.