వంట రానివాడే వంటిల్లు సర్దాలి

ఈ మధ్య ఏ ఇంటికెళ్లినా ఒకటే మాట, వంటిల్లు సర్దాలి, వంటిల్లు సర్దాలి అని. సర్దాల్సిందే, ఎవరూ కాదనరు. కానీ ఆ పని ఎవరికి అప్పజెప్పాలన్న దగ్గరే మనం దారి తప్పుతున్నాం. రోజూ అక్కడ నిలబడి వండేవాళ్లకే వదిలేస్తున్నాం. వాళ్లకి వంటింటి విషయంలో ఒక బలహీనత ఉంది, అందులో వంట చేయాలనుకుంటారు. అలాంటివాళ్లు నిష్పక్షపాతంగా ఎలా సర్దుతారండీ? అందుకే నా వాదన సూటిగా చెప్పేస్తాను. స్టవ్ నాబ్ ఎటు తిప్పితే సిమ్మో తెలియని మగమహారాజులే ఈ పనికి అసలైన అర్హులు.

నవ్వకండి, దీనికి చరిత్ర ఉంది. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ పేరుతో లక్షలు పోసి చేయించుకునేదానికి మూలం 1926లో జర్మనీలో తయారైన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. గీసింది మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, నాలుగడుగులు వేయకుండానే అన్నీ చేతికందాలి, సరుకులకి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్లో దాదాపు 10,000 ఇళ్లలో పెట్టారు. ఆవిడే తర్వాత ఒప్పుకుంది, అది గీసేనాటికి తనకి వంట రాదని, ఇల్లు నడిపిన అనుభవమే లేదని. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆవిడ కనీసం ఆర్కిటెక్చర్ చదివింది, మనవాళ్లు ఆ లోపం కూడా లేకుండా రంగంలోకి దిగుతున్నారు.

ఆదివారం టిఫిన్ అయ్యాక, పనేమీ తోచని వేళ ఈ సంస్కర్త వంటింట్లో అడుగుపెడతాడు. ముందు చేయి పడేది పోపుల పెట్టె మీద. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు, అంచులు నూనె చేతులకి జిడ్డెక్కి ఉంటాయి, మెంతుల గిన్నెలో రెండు ఆవగింజలు ఎప్పుడూ ఉంటాయి. ఏ గిన్నె ఎందుకు ఎక్కడుందో రాసిపెట్టినవాళ్లు లేరు కాబట్టి అది అరాచకమే. మనవాడు అకారాది క్రమంలో పెడతాడు: ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, శనగపప్పు. చూడముచ్చటగా ఉంటుంది, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మేనత్తలందరూ దండం బొమ్మలు పంపుతారు. చిక్కల్లా ఎక్కడంటే, పులిహోర పోపులో నూనె కాగగానే పడాల్సింది శనగపప్పు, అది ఎర్రబడటానికి టైం పడుతుంది, ఇంగువ చిటికెడు ఆఖర్న పడాలి. వర్ణమాలని నమ్ముకుని వేస్తే ఇంగువ మాడి ఊరుకుంటుంది, శనగపప్పు పచ్చిగా పంటికింద తగులుతుంది. అది పులిహోర తప్పు. వర్ణమాలని మార్చలేం కదా.

తర్వాత త్రిభుజం. 1940లలో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క కట్టారు, స్టవ్వు, సింకు, ఫ్రిజ్ మూడూ ఒక త్రిభుజంగా ఉండాలి, మూడు భుజాలూ కలిపి 26 అడుగులు దాటకూడదు అని. మంచి లెక్కే. కానీ మన ఇళ్లలో ఫ్రిజ్ ఎక్కడుంటుందో వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. కొన్న రోజు నుంచీ అది హాల్లోనే ఉంటుంది, వచ్చినవాళ్లకి కనపడాలిగా, పైన కుట్టుపూల గుడ్డ, దాని మీద మందుల డబ్బా, కరెంటు బిల్లు. కాబట్టి మన త్రిభుజంలో రెండు భుజాలు వంటింటి గుమ్మం దాటి, టీపాయి పక్కనుంచి, సీరియల్ చూస్తున్న మామగారికీ టీవీకీ మధ్యలోంచి పోతాయి. పెరుగు గిన్నె కోసం వెళ్లినప్పుడల్లా "కాస్త పక్కకి జరగమ్మా" అనిపించుకోవాలి. పైగా స్టవ్ ఆగ్నేయంలో ఉండాలి, వండేవాళ్లు తూర్పుకి తిరగాలి, నీళ్లు ఈశాన్యంలో ఉండాలి అని వాస్తు పంతులుగారు ముందే తేల్చేశారు. ఇల్లినాయ్ వాళ్లు ఆయన్ని సంప్రదించకపోవడం వాళ్ల అజాగ్రత్త.

ఇక సీసాలు. పాత హార్లిక్స్ సీసాలో జీలకర్ర, కాఫీ సీసాలో ధనియాలు, ఐస్‌క్రీం డబ్బాలో కరివేపాకు, ఇవన్నీ సిగ్గుచేటు కనుక అన్నీ తీసిపారేసి ఒకే సైజు గాజు సీసాలు ఆర్డర్ పెట్టాలి. వాటిలో పోశాక బియ్యప్పిండీ మైదా కవలపిల్లలు, ఉప్పూ పంచదారా సరేసరి. లేబుల్ అంటిస్తే సరిపోతుందిగా అంటారు. సరిపోతుంది, తడి చేత్తో ముట్టుకోనంతవరకు. ఇంకో చిన్న ఇబ్బంది, సీసాలో కిలో పడుతుంది, మనం కొనేది ఏడాదికి సరిపడా చింతపండు, ఏడాదికి సరిపడా ఆడించిన కారం, బియ్యం అయితే బస్తా. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేసేసరికి 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఒక్క కిలో పెంచి పన్ను తప్పించుకున్న దేశం మనది, ఆ బస్తాని మాడ్యులర్ సొరుగులో పెట్టే ఉపాయం మాత్రం ఇంకా దొరకలేదు. అది తలుపు వెనకాలే ఉంది. ఆవకాయ జాడీ సంగతి అడగొద్దు, దానికి సరిపోయే అర ఏ కేటలాగులోనూ లేదు, వాసెన గుడ్డ కట్టుకుని డైనింగ్ టేబుల్ కిందే సంసారం చేస్తుంది.

మాడ్యులర్ కిచెన్ పాడవకుండా ఉండాలంటే ఒక్కటే మార్గం, అందులో వండకపోవడం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కొందరు ఇది బాగా అర్థం చేసుకుని యుటిలిటీ బాల్కనీలో రెండో స్టవ్ పెట్టుకున్నారు. అప్పడాలు, చేపల పులుసు, అసలు వంటంతా అక్కడ, లోపల చిమ్నీ కింద మాత్రం పాలు కాస్తారు.

అన్నిటికంటే పెద్ద ప్రతిఘటన కవర్ల కవరు దగ్గర వస్తుంది. కూరగాయల కవర్లన్నీ ఒక పెద్ద కవర్లో కుక్కి తలుపు వెనక మేకుకి తగిలిస్తారు కదా, దాన్ని పారేద్దామంటే ఇల్లు రెండు వర్గాలవుతుంది. అటక మీది స్టీలు సామాను ఇంకా కష్టం. ప్రతి గిన్నె మీదా ఎవరి గృహప్రవేశానికి ఎవరు ఇచ్చారో చెక్కి ఉంటుంది, ఆ రికార్డు పోతే రేపు వాళ్ల ఇంటి పెళ్లికి ఏం పెట్టాలో ఎవరు చెప్తారు? ఇలాంటప్పుడు ఇళ్లు సర్దడం మీద పుస్తకాలు రాసిన జపాన్ మేరీ కొండోని ఉదహరిస్తారు, సంతోషం కలిగించని వస్తువు ఇంట్లో ఉంచకూడదని. ఆవిడే మూడో పిల్లాడు పుట్టాక సర్దుడు కొంతవరకు వదిలేశానని 2023లో చెప్పింది. ఆ వార్తని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

కొందరు గిట్టనివాళ్లు ఒక ప్రశ్న వేస్తున్నారు, అంత శ్రద్ధ ఉన్నవాళ్లు నాలుగు రోజులు వంట కూడా చేయొచ్చుగా అని. ఇది సంస్కరణలని దెబ్బతీసే కుట్ర. వంట చేస్తే అర్హత పోదూ! మా పరిచయస్తుల్లో ఒకాయన ఉండేవాడు, లేబుల్ మిషన్ కూడా కొన్న నిఖార్సైన సంస్కర్త. కూతురి పురుడని భార్య ఊరెళ్తే కొన్నాళ్లు తనే వండుకోవాల్సొచ్చింది. మొదట్లో "పెసరపప్పు ఎక్కడుంది?" అని ఫోన్ చేసేవాడు, ఆవిడ అక్కడ్నుంచే "పై అరలో ఎడం పక్క, పచ్చ మూత డబ్బా, ముందున్న నెయ్యి గిన్నె జరుపు" అని చెప్పేదట. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఇప్పుడు ఆయన పోపుల పెట్టెలో శనగపప్పు స్టవ్ వైపుకి వచ్చేసింది, ఇంగువ మాత్రల డబ్బాలోకి మారింది, లేబుల్ మిషన్ అటకెక్కింది. మొన్న చూస్తే తలుపు వెనక మేకుకి సొంతంగా కవర్ల కవరు కూడా మొదలుపెట్టాడు. అలాంటి మనిషి మాట ఇక ఏ వంటింట్లో చెల్లుతుంది?