ముందు ప్లగ్గు ఎక్కడ పెట్టారో చూపించండి సారూ

అయస్కాంతాలతో దానంతటదే తిరిగే మోటారు వీడియో ఇంకొక్కసారి నాకెవరైనా చూపిస్తే ఆ ఫోను తీసుకెళ్లి వర్తూరు చెరువులో పడేస్తాను. ముందే చెప్తున్నా, తర్వాత ఫీలవకండి.

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున్న కాఫీలు పట్టుకుని కూర్చునే తెలుగు బ్యాచ్ ఒకటుంది. ప్లాట్ల రేట్లు, క్రికెట్టు అయిపోయాక మాట ఫ్యూజన్ (సూర్యుడిలోలా తేలిక పరమాణువుల్ని కలిపి శక్తి తీయడం) మీదకి వస్తుంది, ఎందుకంటే మాలో సగంమందికి ఉద్యోగం జావాలో, పిచ్చి ఫిజిక్స్‌లో. నాదీ అదే కేసు. అందుకే ఇంత మండుతోంది.

ఈరోజు మా ఆర్కిటెక్ట్ గారు (ఇళ్లు కట్టే ఆర్కిటెక్ట్ కాదు, సాఫ్ట్‌వేర్‌ది, పేరెందుకు లెండి) కప్పు కింద పెట్టకుండానే మొదలెట్టారు. "అమెరికా వాళ్లు చేసేశారండీ, పెట్టినదానికంటే ఎక్కువ వచ్చింది, ఇంకో ఐదేళ్లు, కరెంటు ఫ్రీ!" జరిగింది నిజమే. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో 192 లేజర్లతో మిరియపు గింజంత ఇంధనాన్ని కొట్టారు. లోపలికి 2.05 మెగాజౌళ్లు, బయటికి 3.15. మహా గొప్ప ప్రయోగం, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఆ "లోపలికి" అన్నది టార్గెట్‌కి అందిన లేజర్ కాంతి లెక్క. ఆ లేజర్లు వెలగడానికి గోడలోంచి లాగిన కరెంటు సుమారు 300 మెగాజౌళ్లు. మూడొందలు పెట్టి మూడు తెచ్చుకుంటే దాన్ని లాభం అనేవాడు మా ఆఫీసు ఫైనాన్స్‌లో కూడా లేడు. పైగా ఆ 3.15 అంటే మన మీటరు భాషలో ఒక యూనిట్ కూడా నిండదు!

ఇంతమాత్రం అన్నానంతే. "మీరు ఎప్పుడూ నెగెటివ్ అండీ" అన్నాడు. లెక్క చెప్తే నెగెటివ్! మరి బ్రిటన్‌లో జెట్ (JET) అనే ఫ్యూజన్ యంత్రం 2023లో ఐదు సెకన్లపాటు ప్లాస్మాని, అంటే మహా వేడెక్కిన వాయువుని, పట్టి ఉంచి 69 మెగాజౌళ్లు తీసింది, ఫ్యూజన్‌లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు, యూనిట్లలో చూస్తే పందొమ్మిది, అదీ వేడి మాత్రమే, కరెంటు కాదు. ఫ్రాన్స్‌లో ఐటర్ అని ఇంకా పెద్ద ఫ్యూజన్ యంత్రం కడుతున్నారు, మన దేశమూ అందులో భాగస్వామి, దాని క్రయోస్టాట్ (యంత్రం చుట్టూ ఉండే పెద్ద స్టీలు పాత్ర) భాగాలు గుజరాత్‌లో తయారై ఓడెక్కి వెళ్లాయి, గర్వపడాల్సిన సంగతే. దానికి 50 మెగావాట్ల వేడి ఇస్తే అది 500 మెగావాట్ల వేడి తిరిగివ్వాలని లక్ష్యం. అందులో కరెంటు తీసే టర్బైనే లేదు, పూర్తిస్థాయి ఇంధనంతో నడిచేది 2039లో అని వాళ్లే చెప్పుకున్నారు. మన అణు కార్యక్రమానికి పునాది వేసిన హోమీ భాభా అంతటివాడు 1955లో జెనీవాలో కూర్చుని ఇరవై ఏళ్లలో ఫ్యూజన్ మన చేతికొస్తుందన్నాడు. భాభాకే కుదరలేదు, ఈయనకి ఐదేళ్లట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరే, ఇవన్నీ పోనీ. నాకు కడుపు మండింది ఇక్కడ. మా పక్క బ్లాకులో ఒక బాబాయ్ గారు ఉన్నారు, మణుగూరు భారజల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యి కూతురు దగ్గర ఉంటున్నారు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి. ఆర్కిటెక్ట్ గారు "ఇంధనానికేముందండీ, సముద్రం నిండా డ్యూటీరియమే" (హైడ్రోజన్‌లోనే బరువైన రకం, భారజలంలో ఉండేది అదే) అనేసరికి ఆయన మెల్లగా అందుకున్నారు. ఉన్నమాట నిజమే బాబూ, కాకపోతే నీళ్లలో ఆరువేల నాలుగొందల హైడ్రోజన్ పరమాణువులకి ఒక్కటి డ్యూటీరియం, దాన్ని ఏరడానికి మా ప్లాంటులోలా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో ఎత్తైన టవర్లు నడపాలి, కుళ్లిన గుడ్ల కంపు, లీకైతే ప్రాణం పోతుంది, ఆవిరికి బొగ్గు కాల్చాలి అని. రెండో ఇంధనం ట్రిటియం సంగతి కూడా ఎత్తారు. ప్రకృతిలో దాదాపు దొరకదు, పన్నెండేళ్లు దాటేసరికి ఉన్నదాంట్లో సగం మాయమైపోతుంది, రియాక్టరే లిథియం నుంచి తన ట్రిటియం తనే చేసుకోవాలి.

మా అందరికంటే ఆ విషయం చేత్తో ముట్టుకున్న మనిషి ఆయనొక్కరే కదా? ఆ మాట మధ్యలో తుంచేసి మనవాడు ఏమన్నాడో తెలుసా. "అంకుల్, అది పాత టెక్నాలజీ, మీరు రిలాక్స్ అవ్వండి." అని ఫోను తీసి మాగ్నెట్ మోటారు వీడియో పెట్టాడు! ఒక షెడ్డు, ఒక చక్రం, చుట్టూ అయస్కాంతాలు, పక్కన బల్బు వెలుగుతోంది. కెమెరా టేబుల్ కిందకి మాత్రం ఛస్తే వెళ్లదు. ఈయన, ఇంకో ఇద్దరు కలిసి ఆ షెడ్డు వాళ్లకి డబ్బులు కట్టారట, మనమూ తలా యాభై వేలు వేసుకుందామని. బాబాయ్ గారు కప్పు పక్కన పెట్టి లేచి వెళ్లిపోయారు.

నీళ్లలోంచి శక్తి కావాలంటే ఇంత కష్టం దేనికండీ, మా బెళ్లందూరు చెరువు 2017లోనే నిప్పంటుకుని చూపించింది, పాపం ఎవరూ నోబెల్ ఇవ్వలేదు. 1989లో అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు గాజు పాత్రలో గది ఉష్ణోగ్రత దగ్గర ఫ్యూజన్ చేశామన్నారు, మిగతా ల్యాబుల వాళ్లు చేసి చూస్తే రాలేదు. 1996లో ఈ పక్క తమిళనాడులోనే మూలికలతో పెట్రోలు అన్నారు, పేపర్లన్నీ ఊగిపోయాయి, చివరికి సీబీఐ దాకా వెళ్లింది. మనకి సిగ్గుండదు, మళ్లీ చెవులు చాపుకుని రెడీ.

ఇందులో అసలు అన్యాయమైపోయేది నిజమైన హాబీ వాళ్లు. ఇంట్లో ఫ్యూజన్ చేసేవాళ్లు ఉన్నారు తెలుసా? టీవీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఫార్న్స్‌వర్త్ చూపిన దారిలో ఫ్యూజర్ అని కడతారు. స్టీలు గది, వాక్యూమ్ పంపు, కాస్త డ్యూటీరియం వాయువు, వేల వోల్టులు. కొంచెం తేడా వస్తే షాకు, ఎక్స్‌రేలు. వాళ్లు ఫ్యూజన్ జరిగిందనడానికి సాక్ష్యంగా న్యూట్రాన్లు కొలిచి చూపిస్తారు. కరెంటు ఫ్రీ అని ఒక్కడూ అనడు, ఎందుకంటే ఎంత మింగుతోందో వాళ్ల బిల్లులోనే కనిపిస్తుంది. మన షెడ్డు మోటారుకి మాత్రం బిల్లు ఉండదు, మీటరు ఉండదు, టేబుల్ కింద వైరు ఒక్కటే ఉంటుంది.

అన్నట్టు మన ఆర్కిటెక్ట్ మహానుభావుడెవరనుకున్నారు? పోయిన ఏజీఎంలో (ఓనర్ల వార్షిక సభలో) టెర్రస్ మీద సోలార్ పెడదామని నేను తీర్మానం పెడితే "ఎలివేషన్ పాడవుతుంది, రీసేల్ పడిపోతుంది" అని అడ్డంపడిన ట్రెజరర్ ఈయనే! ఇక్కడి నుంచి కారేసుకుని వెళ్తే కర్ణాటకలోనే పావగడ. అక్కడ ఎక్కువగా మన తెలుగు మాటే, చినుకు పడని నేలని రైతులు మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలకి లీజుకిస్తే దానిమీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నిలబడింది. ఎవడూ ఎలివేషన్ గురించి అడగలేదు. మా దగ్గరేమో ఖాళీ టెర్రస్ మీద డిష్ యాంటెన్నాలు, పనికిరాని సోఫాలు. కింద జనరేటర్ మాత్రం కరెంటు పోయినప్పుడల్లా డీజిల్ తాగుతూనే ఉంది, నెలనెలా మెయింటెనెన్స్‌లో ఆ ముక్క పెరుగుతూనే ఉంది, వివరం అడిగితే "కన్సాలిడేటెడ్ అండీ" అంటాడు. షెడ్డు మోటారుకి యాభై వేలు ఉన్నాయట, సోలార్‌కి ఫండ్స్ లేవట.

ఈసారి ఏజీఎంలో ఆ తీర్మానం మళ్లీ పెడుతున్నా, డీజిల్ బిల్లులన్నీ విడివిడిగా అడుగుతున్నా. బాబాయ్ గారిని కూడా తీసుకొస్తా, ఆయన అల్లుడు ఓనరే. మా బ్లాకుల వాళ్లు ఇది చదువుతుంటే రండి, ఊరెళ్తుంటే ప్రాక్సీ కాగితం మీద సంతకం పెట్టి నాకివ్వండి. పోయినసారి కోరం లేదని వాయిదా వేయించింది కూడా ఆయనే.